సగం గడ్డంతో రోడ్డు దాటిన డాక్టరు గారు

సభాధ్యక్షురాలు పెద్ద డాక్టరమ్మ గారికి, ఈ రోజు పదవీ విరమణ చేస్తున్న మన సర్జన్ గారికి, వారి శ్రీమతి గారికి, నర్సమ్మలకు, నేనింకా నోరు విప్పకముందే నవ్వుతున్న మా సెలూన్ గిరాకీలకు నమస్కారం. చేతిలో కత్తెర లేకపోతే నాకు మాట సాగదు, తడబడితే మన్నించండి. (నవ్వులు)

నా జబ్బు పేరు సభలో ఎత్తొద్దని మా ఆవిడ ఇంట్లోనే ఒట్టు వేయించుకోబోయింది. ఎత్తుతానే! వృషణాల క్యాన్సర్. అదిగో, రెండో వరుసలో ఒకాయన తల దించుకున్నారు. తలెత్తండి సార్, ఇందులో సిగ్గేముంది?

పెళ్ళయిన కొత్తలో ఒకవైపు గట్టిగా గడ్డ తగిలింది. నొప్పి లేదు. నా నోట్లో నువ్వుగింజ నానదని అందరికీ తెలుసు కానీ, ఈ ఒక్క ముక్క ఇంట్లో చెప్పలేకపోయాను. ఒకనాడు పొద్దున మన ఈ సర్జన్ డాక్టరు గారికి గడ్డం గీస్తూ, సగమయ్యాక, "సార్, మా స్నేహితుడొకడికి..." అని మొదలుపెట్టాను. ఆయన కళ్ళు తెరవకుండానే, "మీ స్నేహితుడి చెయ్యి నా గొంతు మీద వణుకుతోందయ్యా. ముందా కత్తి కింద పెట్టు," అన్నారు. అంతే! మెడలో తువ్వాలుతో, ఒక చెంప నున్నగా, ఒక చెంప నురగతో, నా చెయ్యి పట్టుకుని రోడ్డు దాటించి, ఎదురుగా ఉన్న ఈ ఆసుపత్రిలో స్కానింగ్ గది దాకా నడిపించారు. వాచ్‌మన్ ఆయన్ని గుర్తుపట్టక గేటు దగ్గర ఆపేశాడు కూడా. (నవ్వులు)

మా ఆవిడను పిలిపించి, ఇద్దరికీ అరటిపండు ఒలిచి చేతిలో పెట్టినట్టు చెప్పారు. "ముందు గజ్జల దగ్గర కోసి ఆ వృషణం తీసేస్తాం. రెండోది బాగుంది, సంసారానికీ సంతానానికీ మామూలుగా అదొక్కటే చాలు. జబ్బు అక్కడితో ఆగితే, చాలామందికి ఇంకే మందూ అక్కర్లేదు, రక్తపరీక్షలూ స్కాన్లూ చేస్తూ కనిపెట్టుకుని ఉంటాం. కొందరికి ముందుజాగ్రత్తగా కొద్దిపాటి కీమో. ఇందులో ఒక రకానికి రేడియేషన్ కూడా పనిచేస్తుంది. పైకి పాకితే మాత్రం పూర్తి కీమో. పాకినా ఎక్కువ మందికి నయమయ్యే జబ్బేనమ్మా ఇది."

"మరి పిల్లలు..." అని ఆగిపోయాను. "కీమోకి ముందే వీర్యం దాచిపెడదాం. నీ సిగ్గు కూడా అక్కడే దాచేసి రా," అన్నారు.

ఆపరేషన్ అయింది కానీ, నాది అప్పటికే పొట్టలోని లింఫు గ్రంథులకు పాకింది. కీమో పడింది, జుట్టంతా రాలింది. బోడితల వాడి చేతికి ఎవడు తల అప్పగిస్తాడని కుమిలిపోయాను. సెలూన్ మళ్ళీ తెరిచిన రోజు మొదటి గిరాకీ డాక్టరు గారే. నా గుండు కేసి చూస్తే ఒట్టు! "నీ తల చూడ్డానికి రాలేదయ్యా, నా తల చూపించుకోవడానికొచ్చాను. కానీయ్," అన్నారు. ఆ రోజు నా కళ్ళ వెంట నీళ్ళాగలేదు. (తువ్వాలుతో కళ్ళు తుడుచుకుని) ఇప్పుడూ ఆగట్లేదు, ఏమనుకోకండి.

అదిగో, గోడ పక్కన నిలబడి, ఇక చాలు దిగు నాన్నా అని చెయ్యూపుతోంది చూశారూ, మా అమ్మాయి. దాచిపెట్టిన దానితో పనే పడలేదు సార్! (చప్పట్లు)

ఇంతసేపు విన్నందుకు అందరికీ కృతజ్ఞతలు. డాక్టరు గారూ, రేపు తీరిగ్గా రండి, రెండు చెంపలూ పూర్తిగా గీస్తాను. మధ్యలో పక్క కుర్చీలోంచి ఎవరైనా "మా స్నేహితుడికి" అని మొదలుపెడితే మీరు లేవకండి. ఈసారి రోడ్డు దాటించేది నేను. సెలవు.