సోమవారం వాగు దగ్గరికి వెళ్ళిన భానుమతి గారు

2003 సెప్టెంబరు 8వ తేదీన శ్రీమతి భానుమతి గారు మన కౌంటీ కౌన్సిల్ (జిల్లా పరిషత్తు వంటిది) నీటి ప్రయోగశాలలో తాత్కాలిక సహాయకురాలిగా ప్రవేశించారు. విశాఖలో రసాయనశాస్త్రం చదివి, వైద్యులైన భర్త దత్తాత్రేయ గారికి కాజిల్‌బార్ ఆసుపత్రిలో ఉద్యోగం దొరకగా వారి వెంట ఈ ఐరిష్ గడ్డకు వచ్చి, ఆ తరువాత ఇటు బదిలీ కాగా ఇక్కడ స్థిరపడ్డారు. తాత్కాలికమని చెప్పిన ఆ కొలువు ఇరవై రెండు సంవత్సరాలు సాగి ఈ నెలాఖరున ముగుస్తోంది. ఈ అభినందన సంచికలో తొమ్మిది పుటలు ఇంగ్లిష్‌లోనూ, ఒకటి ఐరిష్‌లోనూ ఉండగా, రాజమండ్రిలోని వారి అక్కచెల్లెళ్ళు కూడా చదువుకునేలా ఒక పుట తెలుగులో ఉండాలని కార్యాలయమే కోరింది. పటాలు గీసుకునే నాకు ఆ భాగ్యం దక్కింది.

తొలి నాలుగైదేళ్ళు సీసాలు కడగడం, చిట్టీలు అంటించడం, పల్లెల్లోని బావినీటిని పరీక్షించడం వారి పని. 2008లో పర్యావరణ విభాగంలోకి వచ్చి, వాగులనూ చెరువులనూ కనిపెట్టి చూసే బాధ్యతను స్వీకరించారు. 2018 వేసవిలో వానలు మొహం చాటేసినప్పుడు, ఏ ఊరు ఎన్ని నీళ్ళు వాడుతోందో, ఆ నీరు ఎక్కడి నుంచి తోడుతున్నారో ఊరూరా తిరిగి నమోదు చేసినవారు భానుమతి గారే. అడిగితే కార్యాలయానికే వచ్చే లెక్కల కోసం ఎందుకంత తిరుగుడని అప్పట్లో నేను విసుక్కున్నాను. “ఎందుకని?” అన్నది వారి ఊతపదం; దాని ధాటికి మా విభాగంలో ఎన్ని కప్పుల టీ చల్లారిపోయిందో చెప్పలేను.

అయితే వారి ఉద్యోగ జీవితమంతా ఒక ఎత్తు, 2021 వసంతంలో జరిగిన సంగతి ఒక ఎత్తు. హెలెన్ గారనే మహిళా రైతు పాడి పొలం దిగువన ఉన్న వాగులో రాళ్ళు తిప్పి చూస్తే పురుగులు కనబడలేదు. మంచి వాగులో ప్రతి రాతి కిందా చిన్న చిన్న నీటిపురుగులు ఉంటాయి. అవి మాయమయ్యాయంటే నీటికి ఏదో చేటు జరిగిందని అర్థం. నేను పటం గీశాను. దగ్గరలో పాడి పొలం అదొక్కటే కనుక దాని చుట్టూ ఎర్ర గీత పెట్టాను. ఆ పటం ఆధారంగా భానుమతి గారి సంతకంతో హెలెన్ గారికి హెచ్చరిక నోటీసు వెళ్ళింది. తదుపరి మెట్టు కోర్టు. అక్కడ తప్పు రుజువైతే ఆ పొలం పాలు కొనేవారుండరు, నలభై రెండు ఆవుల మంద చెదిరిపోతుంది.

నోటీసు పంపిన వారానికే భానుమతి గారు నా బల్ల దగ్గరకు వచ్చారు.

“నరసింహా, ప్రతివారం తెచ్చిన నీళ్ళు శుభ్రంగా ఉన్నాయి. మరి పురుగులు ఎందుకు లేవంటావ్?”

“ఆమె పేడనీళ్ళు ఇడిసినప్పుడే ఖరాబైతయి మేడమ్. గంతే.”

“ఎప్పుడు విడుస్తోందో చూశామా?”

“ప్రతివారం పోతున్నం గదా!”

“ఏ రోజున?”

రిజిస్టరు తిరగేసి చూశాను: అన్నీ బుధ, గురు, శుక్రవారాలే. నీటిలోని మాలిన్యం ఎంత ప్రాణవాయువును మింగుతుందో తేల్చే పరీక్షకు సరిగ్గా ఐదు రోజులు పడుతుంది. సోమవారం సీసా పెడితే శనివారం చూడాలి, మంగళవారం పెడితే ఆదివారం చూడాలి. ఆ రెండు రోజులూ ప్రయోగశాలకు సెలవు. అందుచేత మా కౌన్సిల్‌లో ఏనాడూ ఎవరూ సోమ, మంగళవారాల్లో వాగు ముఖం చూసింది లేదు. అలా చూడకూడదని ఎవరూ చెప్పలేదు, ఎందుకు చూడటం లేదని ఎవరూ అడగలేదు. పదమూడేళ్ళుగా వాగులను కాచిన తానే అడగలేదని భానుమతి గారు తల పట్టుకున్నారు.

మరుసటి సోమవారం రబ్బరు బూట్లు తొడుక్కుని, ముళ్ళపొదల్లో దారి చేసుకుంటూ, హెలెన్ గారి పొలం దాటి పైకి నడిచారు. అర కిలోమీటరు ఎగువన ప్రతి సోమవారం పశువుల సంత జరుగుతుంది. సంత ముగిశాక ఆవరణ కడిగిన నీళ్ళన్నీ ఎక్కడో తప్పుగా కలిపిన గొట్టం గుండా నేరుగా వాగులోకి వస్తున్నాయి. పొలానికి పైనా కిందా నీళ్ళు పట్టి, శనివారం ప్రయోగశాల తాళం తెరిపించుకుని తామే ఫలితం చూశారు. అలా ఐదు శనివారాలు. దత్తాత్రేయ గారు బయట కారులో పేపరు చదువుతూ కూర్చునేవారు, శనివారాలను మింగేసే ఈ సోమవారాలు కాపురానికి మంచివి కావని నాతో హాస్యమాడేవారు. ఐదుసార్లూ పొలంలోకి రాకముందే నీరు పాడైపోయి ఉంది.

నోటీసును రద్దు చేయించి, సంత గొట్టాన్ని సరిచేయించి, ఆ కబురు ఉత్తరంలో పంపితే సరిపోదని భానుమతి గారు నన్ను వెంటబెట్టుకుని హెలెన్ గారి వంటింటికి వెళ్ళారు. అప్పటికే భయంతో ఆమె ఆరు పెయ్యలను అమ్మేసుకున్నారు. నోటీసుతో వచ్చిన నా పటాన్ని హెలెన్ గారు బల్ల మీద పరచి, ఆ ఎర్ర గీత మీద వేలు పెట్టి అడిగారు.

“ఇది గీసిందెవరు?”

“సంతకం నాది. తప్పు నాదే, హెలెన్. నన్ను క్షమించండి,” అన్నారు భానుమతి గారు.

హెలెన్ గారు పటాన్ని మడిచి పక్కన పెట్టారు. “ఆ పెయ్యల్లో ఒకటి మా ఆయన పోయిన ఏడు పుట్టింది,” అన్నారు. ఆ తరువాత కెటిల్ పెట్టి, “సరే, ఇప్పుడంతా గ్రాండ్. టీ తాగి వెళ్ళండి,” అన్నారు; గ్రాండ్ అంటే ఇక్కడివారి మాటలో ‘ఫరవాలేదు’ అని. నేను ఆ టీ తాగాను, బిస్కెట్లు కూడా తిన్నాను, నోరు మాత్రం తెరవలేదు.

నాటి నుంచి మన కౌన్సిల్‌లో ప్రతి వాగుకూ ఏడాదిలో కొన్ని సోమవారాలు కేటాయించబడ్డాయి, శనివారపు డ్యూటీకి వంతులు ఏర్పడ్డాయి. పక్క కౌంటీల వారు కూడా వచ్చి ఆ పద్ధతిని చూసి వెళ్ళారు. 2022లో భానుమతి గారు విభాగానికి ముఖ్య శాస్త్రవేత్త అయ్యారు. కొత్తగా చేరినవారికి వారు చేసే మొదటి ప్రసంగం, తాము హెలెన్ గారి విషయంలో చేసిన తప్పు గురించే. నాలుగేళ్ళుగా ఆ ప్రసంగాన్ని నేను వెనక వరుసలో కూర్చుని వింటున్నాను, ఒక్కసారి కూడా వారి నోట నా పేరు రాలేదు.

కాబట్టి ఇక్కడ రాస్తున్నాను. పటాన్ని పొలం గట్టు దగ్గర కత్తిరించినది నేను. కాగితం సరిపోలేదు, అంతే కారణం. ఇంకొక్క వేలెడు పైకి గీసి ఉంటే సంత అందులో కనబడేది. భానుమతి గారు ఆనాడే ఈ సంగతి గమనించారు, గమనించినట్లు నాకు తెలియనిచ్చారు, మరెవరికీ చెప్పలేదు.

మాన్యురాలు భానుమతి గారికీ, దత్తాత్రేయ గారికీ నిండైన ఆరోగ్యం, నూరేళ్ళ ఆయుస్సు, తీరని కుతూహలం కలగాలని మా విభాగమంతా మనసారా కోరుకుంటోంది. శుక్రవారం జరిగే వీడ్కోలు సభకు హెలెన్ గారు కూడా వస్తున్నారు. ఈ పుటలో ఏముందో ఆమెకు ఇంగ్లిష్‌లో చెప్పే పని వేరెవరికీ అప్పగించవద్దని మనవి. అది నేను చెబుతాను.

— నరసింహ, పటాల విభాగం