కిచిడీ కాడ దొరికిన ఇంజన్

“నా పెండ్లాం సిద్దిపేట రోడ్డుకంతా వండిపెడ్తది, మొగనికి మాత్రం సద్దన్నం!”

తెలంగాణ కోసం నడిరోడ్డు మీద వంటావార్పు చేసి ఇల్లు చేరిన భార్యకు దక్కిన స్వాగతమది. కోమటిచెరువులో తిప్పుతానని ఆయన కొన్న పాత పడవ ఇంజన్ చచ్చి వాకిట్లో పడుంది. దాన్ని పట్టుకుపోవడానికి రేపు తుక్కువాళ్లు వస్తారు.

“ఇంజన్ దొరికిందా?” అడిగింది ఆమె.

“హైదరాబాదంత తిరిగిన. అందరు వెనక తగిలించేటియే చూపిస్తున్రు. మనదానికి ఇంజన్ లోపల, నీళ్లల్ల తిరిగే పంకా బయట. గసొంటిది ఇప్పుడేడ దొరుకుతది?”

“మా కిచిడీ కాడ ఉంది.”

“ఎండకు తల తిరిగిందా?”

“మేం ఆపిన ఒక లారీల పగిలిన పడవ పోతున్నది. అచ్చం మీ రకమే. దాని ఓనరు మారడిగి తిన్నడు. మీ గోస చెప్తే ఇంజన్ ఇస్తనన్నడు.”

“నడుస్తదా?”

“వేడెక్కకుండ బిందెలతోని నీళ్లు పోసుకుంట నడిపి చూసినం. దాని మోతకు మా నినాదాలు గూడ ఇనవడలే.”

ఆయన అప్పటికే చెప్పులు వెతుకుతున్నాడు.

“ఆగుండ్రి. రోడ్డు మీద పొయ్యి పెడితే ఏమొస్తదన్నరు గద పొద్దున?”

“ఇంజనే వచ్చింది, ఇగ తెలంగాణ రాదా? నేనన్నది తప్పే. నడువు!”