మెడలోతు నీళ్లలో మావయ్య వార్తలు

పదకొండింటికి నాకు కెమెరా టెస్టు. రోడ్డుకి అవతల మేడమీద లోకల్ చానెల్ ఆఫీసు, ఇవతల టీకొట్టు. కిందటిసారి టెస్టులో "నమస్కారం" దాకా వచ్చి ఆగిపోయాను, ఆపైన నోరు పెగల్లేదు. ఈసారీ అంతే అయితే ఇంక పిలవబోమని చెప్పేశారు. అందుకే పదింటి నుంచి టీకొట్టు బల్లమీద కూర్చుని, లోపలికి పోదామా ఇంటికి పోదామా అని కొట్టుమిట్టాడుతున్నాను.

ధైర్యం చెప్పడానికి మావయ్య వెంటొచ్చాడు. అదే చానెల్లో ఇరవై ఏళ్లు వార్తలు చదివి, రిపోర్టరుగా తిరిగి, కిందటేడు రిటైరయ్యాడు. ఆయన దృష్టిలో ఎదుటివాళ్లకి ధైర్యం చెప్పడమంటే తన గొప్ప చెప్పుకోవడమే.

"నా మొదటి రోజు సంగతి నీకు చెప్పానా? పెద్దగా ఏం చెయ్యలేదులే, డప్పు కొట్టుకోవడం నాకు చేతకాదు. వానకి కాలవ పొంగి మెయిన్ రోడ్డు మునిగింది, వెళ్లి నాలుగు ముక్కలు చెప్పి రమ్మన్నారు. వెళ్లాను, చెప్పాను, వచ్చాను. అంతే."

"అంతేనా సార్?" అన్నాడు టీకొట్టాయన గ్లాసులు కడుగుతూ. ఆ మాట అనకుండా ఉండాల్సింది.

"అంతే అంటే మరీ అంతే కాదనుకో. దిగేసరికి నీళ్లు మోకాళ్ల దాకా ఉన్నాయి. నేను మైకు పట్టుకుని మొదలెట్టానో లేదో నడుం దాకా వచ్చేశాయి. కెమెరా పట్టుకున్న మా అక్కయ్య, తోడబుట్టింది కాదులే, చానెల్లో అందరూ ఆవిణ్ణి అలాగే పిలుస్తారు, ఆవిడ ఎవరిదో డాబా మీద నించుని 'వచ్చెయ్ తమ్ముడూ' అని ఒకటే గోల. నేనొస్తానా? వార్త మధ్యలో వదిలేసొచ్చే వంశమా మనది? ఆ తర్వాత ఏమైందో తెలుసా?"

"మెడ దాకా వచ్చుంటాయి," అన్నాడు పక్కన మిషను ముందు కూర్చుని గుండీలు కుడుతున్న టైలరు, తలెత్తకుండానే.

"గడ్డం దాకా! మైకు పైకెత్తి, మొహం ఆకాశానికి పెట్టి చెబుతున్నాను, ఒక్క అక్షరం తడిస్తే ఒట్టు. ఈలోగా ఒక బీరువా తేలుతూ వచ్చింది. దానిమీద ఒక కుటుంబం, వాళ్ల కుక్క. ఎడంచేత్తో బీరువా ఆపాను, కుడిచేత్తో మైకు వాళ్ల నోటి దగ్గర పెట్టాను. పిల్లాజెల్లా అందరూ మాట్లాడారు. చివర్లో కుక్కనీ అడిగాను. అదీ చెప్పింది."

"ఏమంది సార్?"

"పేరు వెయ్యొద్దంది. మాటిచ్చాను. ఇవాళ్టికీ ఏ కుక్కో చెప్పను."

పొద్దుట్నించీ మొదటిసారి నాకు నవ్వొచ్చింది. అది చూసి మావయ్య ఇంకా రెచ్చిపోయాడు.

"అప్పుడు తల కూడా మునిగింది. మునిగితే? వార్తలాగుతాయా? లోపల్నించే చదివాను. నా నోట్లోంచి బుడగలు పైకెళుతున్నాయి, ఒక్కో బుడగ పగిలినప్పుడల్లా ఒక్కో వాక్యం వినిపిస్తోంది. జనం గట్టుమీద నిలబడి విన్నారు. ఆఖరి బుడగలో వాతావరణం. 'మూడు గంటలకల్లా నీరు తగ్గుతుందని అధికారులు చెబుతున్నారు' అన్నాను. అధికారులెవరూ చెప్పలేదు, నా సొంతం. కాలవకి ఆ సంగతి తెలీదుగా! టీవీలో చెప్పారు కాబట్టి నిజమే కాబోలనుకుని మూడింటికల్లా తగ్గిపోయింది. ఇంకా ఐదు నిమిషాలుండగానే తగ్గబోతే, ఆగమన్నాను."

టీకొట్టాయన పొలమారి దగ్గాడు. నాకు మాత్రం ఉన్న నవ్వు కాస్తా పోయింది. మావయ్యవి కోతలని నాకు తెలుసు. అయినా ఆయన గొంతు గొంతే. ఇరవై ఏళ్లు ఇంటింటా విన్న గొంతు.

"నాకు నీలాంటి గొంతు లేదు మావయ్యా. నేను ఇంటికెళ్లిపోతాను," అని లేచాను.

"కూర్చో," అంది వెనకనించి ఒకావిడ. నన్ను పిలవడానికి ఆఫీసులోంచి దిగొచ్చిన కెమెరా అక్కయ్య. ఎప్పట్నించి వింటోందో, మావయ్యకి టీ గొంతులోనే ఆగిపోయింది.

"నీళ్లు చీలమండల దాకా ఉన్నాయమ్మా. మీ మావయ్య గుంటలో కాలేసి చతికిలబడ్డాడు. లేచి నిలబడి, 'ఇవాళ... ఇవాళ...' అని పదకొండుసార్లు అన్నాడు. ఆపైన మాట రాలేదు."

"అక్కయ్యా..."

"నువ్వాగు తమ్ముడూ. ఆ కెమెరాకి ఒకటే మీట. ఒకసారి నొక్కితే మొదలు, మళ్లీ నొక్కితే ఆపు. కంగారులో నేను రెండుసార్లు నొక్కాను. వీడు తడబడినంతసేపూ టేపు ఆగే ఉంది. ఇంక చాల్లే అని నొక్కేసరికి తిరగడం మొదలెట్టింది. వీడేమో అరుగుమీద కూలబడి ఏడుస్తున్నాడు. ఆ ఇంటి ముసలమ్మ 'ఎందుకు నాయనా' అంది. వీడు కళ్లు తుడుచుకుని, 'మీరేమైనా తిన్నారా పెద్దమ్మా?' అనడిగాడు. ఇంట్లోకి నీళ్లొచ్చాయని, పక్కింటి పిల్లకి మూడ్రోజులుగా జ్వరమని, ఇటు ఎవరూ తొంగి చూడలేదని ఆవిడంతా చెప్పుకుంది. మైకు చేతిలో ఉందన్న ధ్యాసే లేదు వీడికి. ఆఫీసుకొచ్చి చూస్తే టేపులో అదొక్కటే ఉంది. గత్యంతరం లేక అదే వేశాం. సాయంత్రానికి ఆ వీధికి డాక్టరొచ్చాడు, నీళ్లు తోడే మోటారొచ్చింది. మర్నాడు వీణ్ణి ఉద్యోగంలో ఖాయం చేశారు."

"మరి కాలవ?" అన్నాడు టైలరు.

"నాలుగో రోజుకి తగ్గింది. దానికి టీవీ లేదు."

మావయ్య చెవులు ఎర్రబడ్డాయి. "నిజమేనా మావయ్యా?" అన్నాను.

"ఏడ్చిన సంగతి చెప్పకుండా ఉండాల్సింది," అన్నాడు నేల చూపులు చూస్తూ. "ఆ రోజు ఇంటికొచ్చి ఇంక మానేస్తానన్నాను. మీ అమ్మే తిట్టి పంపింది."

ఆ క్షణంలో మావయ్య మీద నాకు పట్టలేనంత ప్రేమ పుట్టుకొచ్చింది. బుడగల్లో వార్తలు చదివినాయన నాకెందుకూ పనికిరాలేదు. ఏడ్చి, కళ్లు తుడుచుకుని, పెద్దమ్మని పలకరించినాయన పనికొచ్చాడు. అక్కయ్య వెనకే మెట్లెక్కాను. కెమెరా ముందు కూర్చుని, అరుగుమీద ఎవరో వింటున్నట్టు, వాళ్లకే చెబుతున్నట్టు చెప్పాను. రెండుచోట్ల తడబడ్డాను. ఆగలేదు. సోమవారం నుంచి రమ్మన్నారు.

పరిగెత్తుకుంటూ కిందికి వచ్చేసరికి మావయ్య బల్లమీద మళ్లీ నిటారుగా కూర్చుని ఉన్నాడు. చుట్టూ ఇంకో నలుగురు చేరారు.

"మా మేనకోడలు పైన నోరు తెరిచిందా, అంతే, రోడ్డుమీద బస్సులు ఎక్కడివక్కడ ఆగిపోయాయి! డ్రైవర్లు తలలు బయటపెట్టి మరీ విన్నారు!"

"అక్కడ సిగ్నలుంది సార్," అన్నాడు టైలరు.