పసుపు కింద నలుపు

సిద్దిపేట శివారు, చిన్నకోడూరు పోయే తోవ పక్కన ఒక గోదాం. షట్టరు సగం ఎత్తి ఉంది. లోపల పసుపుపచ్చ స్పోర్ట్స్ కారు. అమ్మేది రత్నాకర్ సేటు, కొనేది మహేందర్ పటేలు, చూసి చెప్పేది డెంటింగు పర్శరాములు.

"నెమ్మదిగ పటేలా, నెమ్మదిగ. ముందుగాల ఎడమ కాలు, అటెన్క నడుము, ఆఖరికి పొట్ట. పొట్ట పోతలేదా? దాన్ని బయటనే ఉంచి డోరేస్తమా ఏంది?"

"నవ్వకు పర్శరాములూ. కూసున్న... ఆ, కూసున్న. అబ్బా! గింత కిందికున్నదేంది?"

"మర్కూక్ కాడ భూమి అమ్ముకుంటివి, మల్ల భూమ్మీదనే కూసుంటివి. నాలుగెకరాలు పోయినయ్, నాలుగు చక్రాలొచ్చినయ్."

"మహేందరన్నా, స్పోర్ట్స్ కారంటే గట్లనే ఉంటది. రోడ్డుకు ఎంత దగ్గరుంటే అంత పట్టు."

"పట్టు సంగతి సరే సేటూ. ఇటలీ బండంటివి. మన స్పీడ్ బ్రేకర్లకు ఇది ఊరు దాటుతదా? ఏడనో ఒక కాడ ఇరుక్కుంటే ఆడనే ఇడ్లీ బండి పెట్టుకోవాలె పటేలు."

"ఈయనెవరన్నా? మెకానిక్కా?"

"మెకానిక్ కాదు సేటూ. ఇంజిన్ చూసేటాయన హైదరాబాద్ నుంచి మొన్ననే వచ్చి పోయిండు గద. ఈయన పర్శరాములు, డెంటింగు, పెయింటింగు. సిద్దిపేట చుట్టుముట్టు ఎవలు పాత బండి కొన్నా ఈయన ఏలు ఆనాలె. తీస్కో అంటే తీస్కునుడు, వద్దంటే ఇడిసిపెట్టుడు. ముప్పయ్యేండ్ల సంది గంతే."

"పండ్ల డాక్టరు పుచ్చులు పూడుస్తడు, బండ్ల డాక్టరు సొట్టలు పూడుస్తడు. ఆయనకు కుర్సీ ఉంటది, నాకు గోనె సంచి. గంతే తేడా."

"చూసుకోండి పెద్దమనిషి, మంచిగ చూసుకోండి. దాచేదేం లేదు. సింగిల్ ఓనర్, పదకొండు వేల కిలోమీటర్లు, ఒక్క గీత పడలే. మీరు అడగకముందే చెప్తున్న, ఏసీ కొంచెం వీకు. బ్యాటరీ మార్పించిన. ఎడమ దిక్కు ఎనక టైరు అరిగింది."

"ఇన్నవా పర్శరాములూ! కోటి ఇరవై అడిగేటోడు ఏసీ వీకని ఎవడన్న జెప్తడా? కొత్తది నాలుగు కోట్లట. కోటి ఇరవైకి వస్తుందంటే కారుచవకనే గద."

"కారు చవకనా, కారుచవకనా, అది సూసినంక జెప్త. సేటూ, అడగకముందు జెప్పినయి ఇన్నం. అడిగింది గూడ జెప్పు. రంగు కంపెనీదేనా?"

"రంగంటే... పైన స్టిక్కరు. ర్యాప్ అంటరు. బండి అసలు నలుపు. పసుపు స్టిక్కరేయించిన. నచ్చకపోతే పీకేస్తే అయిపాయె."

"ఎందుకేయించినవ్?"

"ఎందుకంటే... నలుపు ఎండకు కాలుతది. ఫ్యాషన్ గూడ. ఎందుకేముంది పెద్దమనిషి, అందరు ఏయిస్తున్నరు, నేను గూడ ఏయించిన. అన్నా, కాయితాలు ఇంట్ల మర్చిపోయిన, తెస్త. ఇంతల మీరు చూసుకోండి. పది నిమిషాలు."

"పోయి రా సేటూ, తొందరేం లేదు."

"పోయిండు పటేలా. ఇగ దిగు. దిగేటప్పుడు పొట్ట ముందు, కాళ్లు ఎనుక."

"నీ పరాచికాలు ఆపి పని సూడు. మావాడు సుధాకర్ లేడా, మా చిన్నాయిన కొడుకు? ఇంత ఎత్తు నల్ల బండి కొని ఊళ్లె తిరుగుతుండు. మందిల ఆయన కూసుంటే నేను నిలబడ్డట్టే ఉన్నది. చిన్నబోతున్న."

"చిన్నబోయి చిన్న బండి కొంటవా? సరే. ఇగో, ఇను. ఏలితోని కొడుతున్న. డోరు టక్కుమంటుందా? గట్టిగ పల్కుతుంది. ఇది పుట్టుక రంగు, పుట్టీ రంగు కాదు."

"మీటరు తిప్పిండంటవా?"

"తిప్పలే. బ్రేకు పెడలు మీద రబ్బరు సూడు, గీతలు గీతలు గనవడుతున్నయ్. యాభై వేలు తిరిగిన బండికి అవి ఉంటయా? స్టీరింగు తోలు గూడ మెరుపెక్కలే. పదకొండు వేలు నిజమే."

"మరి! నిజాయితీ మనిషే."

"మనిషి సంగతి నాకు తెల్వదు. చిన్న తప్పు తనకు తానే జెప్పుకునేటోన్ని సూస్తే నాకు భయమైతది. సరే, ఎనక దిక్కు మంచిగున్నది. ఈ దిక్కు డోరు గూడ టక్కు. ముంగటికి రానీ. బానెట్ టక్కు. బంపరు టక్కు... టక్కు..."

"ఏమైంది?"

"ఏం గాలే."

"మల్ల కొట్టు."

"కొట్టిన గద."

"ఇంతకముందు టక్కుమన్నది. ఇప్పుడు బొద్దుమన్నది."

"బొద్దుగున్నోళ్లకు గట్లనే ఇనవడుతది పటేలా."

"మాట దాటేయకు. స్టిక్కరు లేపు. నీ దగ్గర బ్లేడున్నది గద."

"సేటు రానీ."

"సేటుకేంది? పీకేస్తే అయిపాయె అని ఆయననే అనె. లేపు."

"...లేపిన. నల్లగనే ఉన్నది. సూసినవా? ఇగ సాలు."

"సాలేంది? కింద పండి సూస్తవ్ గద ఎప్పుడైనా. పండు."

"నడుము నొప్పి లేస్తుంది."

"పొద్దుగాల్నుంచి లేని నొప్పి గిప్పుడు లేసిందా? పండు. సెల్లు లైటు నేను పట్టుకుంట. ఆ. ఏం గనవడుతుంది? పర్శరాములూ? ఏందయ్యా, పండినోనివి లేస్తలేవు?"

"లేస్తున్న."

"బ్లేడు జేబుల వెట్టుకుంటున్నవేంది?"

"అయిపోయింది."

"అప్పుడే అయిపోయిందా?"

"పటేలా, ఈ బండి వద్దు."

"ఎందుకు?"

"వద్దన్న గద. నా మాట మీదనే కొంటవ్ గద ఎప్పుడైనా. వద్దు. పోదాం పా."

"నీ మాట నమ్ముత గని, కారణం జెప్పు. పుట్టీ ఉన్నదా?"

"ఉన్నది. బంపరుకు. అరచెయ్యంత."

"అరచెయ్యంత పుట్టీకి కోటి రూపాల బండి ఇడిసిపెట్టమంటవా? ఆ పని పాడుగున్నదా?"

"పాడు లేదు. మంచి పని. శాన మంచి పని."

"మరింకేంది?"

"గది నా పనే."

"నీ పనా? గీ బండి నీ షెడ్డుకొచ్చిందా? వచ్చుంటే షట్టరు లేపంగనే గుర్తువట్టకపోదువా?"

"బండి రాలే. బంపరొక్కటే వచ్చింది. ట్రాలీ ఆటోల, పరదా కప్పి. నల్లది. ఎవల బండిదో ఆటో ఆయన జెప్పలే, నేనడగలే."

"నల్ల బంపర్లు మస్తుంటయ్. నీదేనని ఎట్ల జెప్తవ్?"

"పని అయినంక లోపటి దిక్కు, ఎవలకు గనవడని కాడ, బొటనేలుతోని తెల్ల రంగు బొట్టు పెడత. మా నాయిన పెట్టేటోడు, నేను పెడత. బొట్టు పెట్టని పని నా షెడ్డు దాటదు. ఇందుల ఉన్నది. పండి సూడు."

"నేను పండితే లేవలేను. ఉన్నదంటే ఉన్నది. అంటే సేటు అబద్ధమాడిండన్నట్టు. ఒక్క గీత పడలే అన్నడు. దేనికి తాకిందట?"

"అడివి పంది అడ్డమొచ్చిందని ఆటో ఆయన అన్నడు."

"ఇంతేనా! పందులు తాకుతనే ఉంటయ్. గింతదానికి—"

"నేను గూడ గింతేనా అనుకున్న. పని మొదలువెట్టే ముందు బంపరు కడిగిన. జాలిల ఏందో ఇరికింది. ఏలు వెట్టి గుంజిన. కొత్తిమీర."

"కొత్తిమీరా?"

"కట్ట. అరటి నారతోని కట్టిన కట్ట. పంది కొత్తిమీర అమ్మవోతదా పటేలా? నవ్వుతవేమో అనుకున్న. ఎప్పుడు నవ్వుతవ్ గద నా మాటలకు."

"ఎవలు?"

"ఎల్లవ్వ. ఇగో గీ తోవల్నే, చిన్నకోడూరు దాటినంక. కూరగాయల గంప ఎత్తుకొని రైతుబజారుకు ఆటో కోసం నిలవడ్డదట. తెల్లారంగ. గుద్దినోడు ఆగలే. దవాఖానకు తీస్కపోయేసరికి అయిపోయింది. నాకు సాయంత్రం తెల్సింది. చాయ్ కొట్టు కాడ మంది అనుకుంటున్నరు, గంప ఇంత దూరం పడ్డది, టమాటలన్ని రోడ్డు మీద చిట్లినయ్ అని."

"నువ్వేం జేసినవ్?"

"పైసలు డబల్ ఇచ్చిన్రు."

"నేనడిగింది గది కాదు."

"ఏం జెయ్యలే. పుట్టీ వెట్టిన."

"పర్శరాములూ..."

"అయిపోలే, ఇను. మూడో దినం దుబ్బయ్య వచ్చిండు. ఎల్లవ్వ పెనిమిటి. చేతుల నల్లటి ముక్క. ఆమె పడ్డ కాడ దొరికిందట. షెడ్డు షెడ్డు తిరుగుతుండు ఆ ముక్క పట్టుకొని. 'రాములన్నా, దీని తోడుది ఎవలన్న తెచ్చిన్రానే' అన్నడు."

"బంపరు?"

"నా ఎనుకనే ఎండుతున్నది. పరదా కప్పి ఉన్నది. ముక్క సూడంగనే తెల్సింది నాకు. బంపరుకు పడ్డ బొక్క అంచులు నేనే గీకిన గద. యాడ పలిగిందో, యాడ మొన తేలిందో నా ఏళ్లకు తెల్సు."

"ఏమన్నవ్?"

"ఎవలు తేలే అన్న. చాయ్ దాగి పో దుబ్బయ్యా అన్న. తాగిండు. పోతపోత చాయ్ పైసలు ఇయ్యవోయిండు. వద్దన్న. అంత ధర్మాత్ముణ్ణి పటేలా నేను, చాయ్ పైసలు తీసుకోలే."

"కేసు?"

"గుర్తు తెల్వని బండి అని రాసి మూసేసిన్రట. బండికేమో స్టిక్కరేసిన్రు, నేను నోటికేసుకున్న. ముప్పయ్యేండ్ల సంది ఇది అసలుది, ఇది అతుకుది అని మందికి జెప్పుకుంట బతికిన. దుబ్బయ్య బజార్ల ఎదురైతే ఇప్పటికీ నమస్తే పెడ్తడు. అన్నా అంటడు."

"ఏడ్వకు. సేటు వస్తడు."

"రానీ. ఇగ నేను దాయను. పటేలా, నువ్వు నాతోని ఠాణకు రా. నేనొక్కన్నే పోతే ఇన్నొద్దులు ఏం జేసినవని నన్నే లోపటేస్తరు. ఏసినా మంచిదే. గని నా మాట ఎవలింటరు? నువ్వు పక్కన నిలవడితే ఇంటరు. నువ్వు కుర్సీల కూసుండేటోనివి."

"ఆగు, ఆగు. అన్ని సక్కగ జెప్పు. ఎన్నేండ్లయింది?"

"రెండు. వానకాలంల."

"పేరు ఎల్లవ్వ."

"ఎల్లవ్వ. బిడ్డ ఉన్నది, శ్రీవాణి. తల్లి పోయినంక సదువు బందు వెట్టింది. ఇప్పుడు ఆ గంప ఆ పిల్లనే ఎత్తుతుంది."

"దుబ్బయ్య కూలికి పోతడా?"

"పోతడు. దొరికిన నాడు."

"ఆ ముక్క ఉన్నదా ఇంక? పారేసిండా?"

"పారేస్తడా! గూట్ల గుడ్డ సుట్టి పెట్టుకున్నడు. పోయిన నెల గూడ ఏదో కొత్త షెడ్డు తెరిసిన్రంటే పట్టుకపోయిండట."

"అది తెచ్చి ఇప్పుడు ఈ బొక్కకు వెడితే కూసుంటదా?"

"పుట్టీ గీకితే కూసుంటది. ఎంట్రుకంత సందు ఉండదు."

"ఇది నువ్వు ఎవల ముంగటన్న జెప్తవా? నా ముంగట జెప్పినట్టే?"

"జెప్త. నీ కాల్మొక్త పటేలా, ఎవల ముంగటన్న జెప్త."

"ఇంకెవలకన్న తెల్సా?"

"నాకు తెల్సు. ఇప్పుడు నీకు."

"ఇంట్ల ఆడోళ్లకు గూడ జెప్పలే?"

"జెప్పలే. ఏం మొఖం పెట్టి జెప్త?"

"మంచిది. ఇగో, కారు చప్పుడు. వచ్చిండు. కండ్లు తుడ్సుకో. నువ్వు మాట్లాడకు, నేను మాట్లాడత."

"నీకు పుణ్యముంటది పటేలా."

"సారీ అన్నా, లేటయింది. ఇగో ఆర్సీ, ఇగో ఇన్సూరెన్స్. చూసిన్రా? ఏమంటుండు మన పెద్దమనిషి?"

"ఏసీ సంగతి జెప్పినవ్, టైరు సంగతి జెప్పినవ్. ఎల్లవ్వ సంగతి జెప్పలేదేంది సేటూ?"

"ఎల్ల... ఎవరన్నా?"

"కొత్తిమీర అమ్మే ఎల్లవ్వ. గీ తోవల్నే."

"అన్నా... అన్నా, నేను కాదు. నేను లేను బండిల. పొద్దుగాల తాళాలు తీస్కపోయింది మా—"

"ఎవలు తీస్కపోయిన్రో నేనడగలే. అడగను గూడ. షట్టరు కిందికి గుంజు. ఆ ముక్క ఇంక ఉన్నదట, నీకెరుకేనా? నీ బంపరు ముక్క. ఆమె పెనిమిటి తాన."

"పటేలా, షట్టరెందుకు? ఠాణకు ఫోన్ జెయ్యి."

"నువ్వుండు పర్శరాములూ. సేటూ, కోటి ఇరవై కాదు, అరవై. కాయితాలు ఇయ్యాలనే మారాలె. కొత్త బంపరు నీ కర్సుతోని ఇటలీ నుంచే తెప్పియ్యాలె. పాతది నా ముంగట కాలవెట్టాలె. ముక్క సంగతి నాకిడిసిపెట్టు, పిల్ల సదువుకని పదివేలు చేతుల వెడితే ఇస్తడు."

"అరవై... అరవై అంటే మరీ... అన్నా, నేను కాదనను. సరే. గని ఈయన? ఈ పెద్దమనిషి బయటికి పోయి ఎవరికన్న చెప్తే?"

"జెప్పడు సేటూ. అప్పుడు డబల్ ఇస్తే పెనిమిటికే జెప్పలేదట."