మెత్తచేతి మేస్త్రీ

ఆ సుత్తి అవతల పెట్టవే తల్లీ, నీకు పుణ్యముంటుంది! లేత్ మీద కొయ్య బిగించే ప్లేటు బిగుసుకుపోయిందని దాని నెత్తిన బాదితే ఊడొస్తుందా? ఇరుసు వంగుతుంది, ఆ తర్వాత నువ్వు చెక్కే ప్రతి గిన్నే వంకరగా వస్తుంది. నూనె వేశావా మరచుట్లలోకి? ఎంత? ఇంకో నాలుగు చుక్కలు వెయ్యి, పోయేదేం లేదు. ఇప్పుడు వేడినీళ్ళలో గుడ్డ ముంచి ప్లేటుకి చుట్టు. ప్లేటుకే సుమా, వెనకున్న ఇరుసుకి తగలనివ్వకు. ప్లేటొక్కటీ వేడెక్కి కాస్త ఉబ్బితే దానంతటదే పట్టు వదుల్తుంది. అరగంట ఆగాలి. ఆగలేవా? మీ తాతకి మనవరాలివై ఉండి ఆ మాటంటావేంటే!

ఆయన గురించి ఏం చెప్పమంటావు? మా అక్క మొగుడు, నాకు బావ, నీకు తాత. పోయి ఇరవై రెండేళ్ళయింది. మంచివాడు. అందరూ అదేగా అనేది! నువ్వు ఎవర్నడిగినా అదే పాట. నాకైతే ఆ మాట వింటే ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది, ఉన్నమాటే చెప్తున్నా. పెళ్ళి కాకముందు నేను వాళ్ళింట్లోనే ఉండేవాణ్ణి. ఆయనే నన్ను ఆ రేకుల షెడ్డులో పనికి పెట్టించాడు. అక్కడ పదకొండు లేత్‌లు ఉండేవి, కొయ్య పొట్టు మోకాళ్ళదాకా. పనిలో ఆయన కంటే నేనే మెరుగు, కావాలంటే అక్కడ చేసినవాళ్ళెవరైనా బతికుంటే అడుగు. నేను ఉలి పెట్టి తిప్పిన బల్లకోడు మీద చెయ్యి రాస్తే గరుకన్నది తగిలేది కాదు. అయితే ఏం లాభం? ఎక్కడ మర బిగుసుకుపోయినా, "బావగారిని పిలవండర్రా!" అని ఒకటే గోల. అందరికీ బావేనట! ఆయన తాపీగా వచ్చేవాడు. నూనె వేసేవాడు, వేడి గుడ్డ చుట్టేవాడు, ఇరుసు తిరక్కుండా కట్టేసి ప్లేటుకి పొడుగాటి చెక్క బిగించేవాడు. కూర్చునేవాడు. పావుగంటో అరగంటో అయ్యాక ఆ చెక్క చివర అరచేత్తో ఒక్కటంటే ఒక్క తోపు. టక్కున వచ్చేసేది. ఆయనకి మెత్తచేతి మేస్త్రీ అని పేరు. నాకేమో సుత్తి మేస్త్రీ అని. నవ్వకు, రెండర్థాలూ ఉన్నాయని నాకూ తెలుసు.

తర్వాత నా పెళ్ళయ్యాక కూడా అంతే. మా ఆవిడ సీసా పట్టుకుని, "ఏమండీ, మూత రావట్లేదు, అన్నయ్యగారింటికి పంపనా?" అనేది. నేనింట్లో చచ్చానా ఏమిటి! పంతానికి పోయి తిప్పితే సీసా పగిలి నా బొటనవేలు తెగింది. అప్పుడు కట్టుకట్టింది ఎవరనుకున్నావు? ఇంకెవరు, ఆయనే. ఎక్కడున్నాను నేను? ఆ, షెడ్డు.

షెడ్డు యజమానికి వయసు మీద పడింది. పెద్ద మేస్త్రీ ఒకణ్ణి పెట్టి తాళాలు ఇచ్చేద్దామని చూస్తున్నాడు. ఇద్దరమే మిగిలాం, ఆయనా నేనూ. నాకది కావాలే అమ్మడూ. ఆకలేసినట్టు కావాలి. ఇంట్లో ఆయన అన్నం తింటున్నా, ఊళ్ళో ఆయన బావమరిదినే, కనీసం ఆ షెడ్డులోనైనా ఆయన నా మాట వినాలని. సరిగ్గా అప్పుడే గుండ్రటి బల్లల బేరమొకటి వచ్చింది. మర్నాడే మొదటి బల్ల చూపించాలి, దానికి కావాల్సిన పెద్ద ప్లేటు పట్టే మిషన్ మీ తాతదొక్కటే. ఏ ప్లేటైనా దానికీ ఇరుసుకీ మధ్య ఒక తోలు వాషరు ఉంటుంది. అది ఉంటే ప్లేటు ఎంత బిగిసినా మళ్ళీ వస్తుంది. అది లేకపోతే ఇనుము ఇనుముని కరుచుకుంటుంది. దాన్ని వెయ్యకుండా మీ తాత ఏనాడూ ప్లేటు ఎక్కించలేదు. మధ్యాహ్నం అందరూ భోజనానికి లేచారు. నేను ఆ మిషన్‌కి అప్పుడున్న చిన్న ప్లేటు విప్పాను. వాషరు తీసి పొట్టు కుప్పలో పారేశాను. మరల మీద నూనె శుభ్రంగా తుడిచేశాను. ప్లేటుని రెండు చుట్లు మాత్రం తిప్పి, మిషన్ ఒక్కసారిగా ఆన్ చేశాను. ప్లేటు ధన్‌మని వెళ్ళి ఇరుసుకి గుద్దుకుని కరుచుకుపోయింది. అవునే, నేనే. అంతా విన్నాక తిట్టు.

భోజనాలయ్యాక మీ తాత పెద్ద ప్లేటు ఎక్కిద్దామని ఆ చిన్నది విప్పబోతే రాలేదు. నూనె, గుడ్డ, చెక్క, అన్నీ అయ్యాయి. గంటైంది. రెండు గంటలైంది. చుట్టూ జనం. నాకు లోపల పండగే అనుకో. అప్పుడాయన ప్లేటు వెనక గోరుతో తడిమి చూశాడు. తోలు లేదు. తలెత్తి పదకొండు మిషన్ల వాళ్ళలో తిన్నగా నా మొహమే చూశాడు. ఇంక అయిపోయింది, ఇప్పుడు చెప్పేస్తాడు, నా బతుకు బజారున పడుతుంది అనుకున్నా. యజమాని వచ్చి, "ఏమైంది మేస్త్రీ?" అన్నాడు. ఈయన చేతులు తుడుచుకుంటూ, "వాషరు వెయ్యడం మర్చిపోయానండీ, తప్పు నాదే" అన్నాడు. ఇంకోసారి గట్టిగా తోస్తే ప్లేటు వచ్చింది గానీ అంచు విరిగింది. "ఇంతమాత్రం గుర్తులేనివాడికి షెడ్డెలా అప్పజెప్పను?" అని యజమాని తాళాలు తెచ్చి నా చేతిలో పెట్టాడు.

పంతొమ్మిదేళ్ళు పెద్ద మేస్త్రీగా చేశాను. మీ తాత నా కింద పనిచేశాడు, ఒక్కరోజు ఒక్కమాట అనలేదు. నేనూ అడగలేదు. దొంగతనమైతేనేం, ఆయన్ని గెలిచి తెచ్చుకున్నాను, ఇది మాత్రం నాది అనుకునేవాణ్ణి. రాత్రుళ్ళు నిద్ర పట్టనప్పుడు కూడా ఆ మాటే అనుకుని పడుకునేవాణ్ణి. ఆయన పోయిన పదోరోజో ఎన్నోరోజో, మీ నానమ్మ దగ్గర కూర్చుని ఇదంతా కక్కేశాను. ఏడుస్తుందనుకున్నా, తిడుతుందనుకున్నా. ఆవిడ బియ్యంలో రాళ్ళేరుతూ తలెత్తకుండా, "తెలుసురా. ఆ సాయంత్రమే చెప్పారు. ‘వాణ్ణేం అనకే, వాడికది కావాలి, నేనిస్తే తీసుకోడు, అందుకే ఊరుకున్నా’ అన్నారు" అంది.

విన్నావా? నేనిస్తే తీసుకోడట! నా బతుకు మొత్తమ్మీద ఆయన చేతి మీదుగా కాకుండా నాకై నేను తెచ్చుకున్నది ఆ ఒక్క దొంగతనమే అనుకున్నానే. అదీ ఆయన పెట్టిందే.

... ఏం లేదు. కళ్ళలో పొట్టు పడింది. ఆ కిటికీ వెయ్యి.