ఓటీపీ పోయిన నంబర్

మిర్యాలగూడలోని తన టైలరింగ్ షాపులో, కుట్టుమిషన్ మీద ల్యాప్‌టాప్ పెట్టుకుని, ఆమె మొదటిసారి తన ఇన్‌కంటాక్స్ రిటర్న్ తానే నింపుతోంది. పక్కనే భర్త నిలబడ్డాడు.

“పాస్‌వర్డ్ ఏంది?”

“యాదికి లేదు. ఏటా నేనే వేస్తున్న గద, ఈసారి నీకెందుకీ పరేషాన్?”

“షాపు నాది, పాన్ కార్డు నాది. అందుకే.”

“తప్పు పడితే నోటీసొస్తది.”

“రానీ. పాస్‌వర్డ్ తెల్వకుంటే ఓటీపీ పంపుతదంట. నొక్కిన.”

“జర ఆగరాదు!”

“ఎందుకాగాలె? చివర అరవై నాలుగున్న నంబర్‌కు పంపినమంటున్నది. అది నాది కాదు, నీదీ కాదు. ఎవరిది?”

“నా పాత నంబరే. ఆ ఫోన్ కోదాడ బస్సుల పోయి రెండేండ్లాయె.”

“పోయిందని నాకెన్నడు చెప్పలే. అసలు ఇంకో ఫోన్ ఉన్నదనే చెప్పలే.”

“చిన్న ముచ్చట, ఏం చెప్పాలె? రేపు సూర్యాపేట పోయి ఆడిటర్‌తోని వేయిస్త. ఇగ మూసెయ్.”

కొక్కానికి వేలాడుతున్న అతని బ్యాగులో ఏదో టింగుమంది. ఇద్దరూ అటు చూశారు.

“కోదాడ బస్సు మన షాపులకే వచ్చినట్టుంది.”

“అది...”

“ముందు ఓటీపీ చెప్పు. రిటర్న్ అయినంక, ఆ నంబర్ ఇంకెవరి దగ్గరున్నదో చెప్దువు.”