నర్సమ్మ చెప్పుకున్న రోగం

ముంబై కామాటిపుర ఆరో గల్లీ. అద్దె గదుల పాత చాల్ రెండో అంతస్తులో, తమ ఒంటిగది ఖోలీ గడప దగ్గర కూర్చుని నర్సమ్మ కింది కార్ఖానా చొక్కాలకు గుండీలు కుడుతోంది. కూలీలు నిలబడే నాకాకు తెల్లవారే వెళ్లిన ఆమె భర్త సాయిలు మేస్త్రి ఇంకా రాలేదు. ఆసుపత్రి నుంచి వచ్చిన కూతురు హారిక చెప్పులు కూడా విప్పలేదు. ఐదు నెలల పరీక్షల తరువాత తల్లికి చెప్పడానికి ఆమెకు ఒక మంచి మాట దొరికింది.

"ఏం లేదంటే ఏం లేదమ్మా. ఎన్నిసార్లు చెప్పాలె?"

"మంచిగ చూసిన్రా?"

"మంచిగనే చూసిన్రు. రక్తం నార్మల్. నరాలు నార్మల్. తలకాయ ఫొటో గూడ నార్మల్. డాక్టర్ మేడం నవ్వింది, మీ అమ్మ నాకంటె గట్టిగున్నదని."

"నవ్విందా? నవ్వుడేంది? మరి చెయ్యి వణుకుడు ఎటువాయె? చెప్పు ఊడిపోవుడు ఎటువాయె?"

"అదే ఆమెకు సమజైతలేదు. కుడి చెయ్యి వణుకుతది, కుడికాలు చెప్పు ఊడిపోయినా తెలుస్తలేదు, మోరీ పక్కన నిలవడ్డా వాసన వస్తలేదు అని నువ్వు చెప్పుడే గానీ, పేపర్ మీద ఒక్కటన్న కనవడ్తలేదు. ఇగ మనసు డాక్టర్‌కు చూపియ్యమన్నది."

"నాకు పిచ్చి అన్నదా?"

"పిచ్చి అనలే. టెన్షన్ అన్నది."

"ఇంకో ఫొటో తియ్యమను."

"అరే! ఏం లేదంటె మంది పోయి కొబ్బరికాయ కొడ్తరు. నువ్వేంది, పాసైన పిల్లకు ఫెయిలని చెప్పినట్టు మొఖం వెట్టినవ్?"

"నా మొఖం గట్లనే ఉంటది. ఆ రీలు ఇటియ్యి. పొద్దూకేటాల్లకు ఈ కుప్ప అయిపోకుంటె సేఠ్ మొత్తుకుంటడు."

"ఇగో, రీలు."

"ఏంది, గట్ల చూస్తున్నవ్?"

"అమ్మా, ఇప్పుడేం జేసినవ్?"

"ఏం జేసిన? సూదిల దారం ఎక్కిచ్చిన."

"ఒక్కపారికే ఎక్కిచ్చినవ్. కుడి చేత్తోని."

"అయితే?"

"వణికే చేతికి సూది బెజ్జం ఎట్ల దొరికింది?"

"ఇయ్యాల వణుకుతలేదు."

"నిన్న గూడ కుట్టినవ్. మొన్న గూడ కుట్టినవ్. రోజూ నా కండ్ల ముందటనే కుడ్తున్నవ్, నాకే ఆనలే."

"పొద్దుగాల వణుకుతది. నువ్వు ఆఫీసుకు పోయినంక."

"మరి ఆదివారం?"

"ఆదివారం... ఏ, నువ్వు పోలీసువా? పో, బువ్వ తిను పో."

"తింట గానీ, ఇంకోటి చెప్పు. మొన్న మేడం ముందట ఏమన్నవ్? తాపీ చేతిలకెళ్లి జారిపోతున్నది అన్నవ్. తప్పు మాట్లాడినవ్ అనుకొని నేను మరాఠీల చెంచా అని చెప్పిన. నువ్వెప్పుడు పట్టినవ్ తాపీ?"

"మెల్లగ. పక్క ఖోలీ రత్నాబాయి చెవులు ఇటే ఉంటయి."

"ఉండనీ. వణికే చెయ్యి ఎవరిదమ్మా?"

"ఎవరిదో."

"కాలి చెప్పు ఎవరిది ఊడిపోయింది? దీపావళప్పుడు నాయిన ఫాక్‌లాండ్ రోడ్డుమీదికెళ్లి ఒక్క చెప్పుతోని నడ్సుకుంట వచ్చిండు. రెండోది ఏదంటె తెల్వదన్నడు. మనం నవ్వినం... అమ్మా!"

"నువ్వు నవ్వినవ్. నేను నవ్వలే."

"నాయినదా? ఇదంత నాయినదా, అమ్మా?"

"మీ నాయిన దవాఖాన్ల అడుగు వెడ్తడా? ఒక్కసారి అడిగిన. నాకేం రోగం, నాకేం లేదన్నడు. చెయ్యి వణుకుతదని నాకాల తెలిస్తె ఏ ముకాదం పనికి పిలుస్తడు? నలబై ఏండ్లాయె ఆడ నిలవడవట్టి. మేస్త్రి గోడ నున్నగ చేస్తె మొఖం చూసుకోవచ్చని పేరు. ఆ పేరు పోతె మనిషి ఉంటడా?"

"అందుకని నువ్వు పోయి, ఆ రోగం నాకుందని చెప్పినవా?"

"చెప్పింది ఆయన రోగమే గద! చెప్పిన రోగానికే గద మందిస్తరు? ఒక్కమాట ఎక్కువ చెప్పలే, ఒక్కమాట తక్కువ చెప్పలే. ఆయన టీవీ చూస్తుంటె పక్కల కూసోని చూసుకుంటుంటి, చేతి వేళ్లు ఎట్ల ఆడుతున్నయని. మర్చిపోకుంట పోయి చెప్పొస్తుంటి."

"మరి నీకిచ్చిన గోళీలు?"

"పొద్దుగాల ఆయన చాయిల నూరి ఇస్తున్న."

"అయ్యో, అమ్మా! నాయినను చూడకుంట ఇచ్చిన గోళీలు! కండ్లు తిరిగి పడ్తె? పరంజ ఎక్కే మనిషి!"

"మంచే జేస్తున్న అనుకున్న బిడ్డా. ముందుగాల తాపీ జారుతున్నదని గొణుగుతుండె, గోళీలు మొదలైనంక చెయ్యి గురించి నోరిప్పలే ఆయన. కంచం మీదికి వంగి తింటున్నడు, చెయ్యి ఒడిల దాసుకుంటున్నడు గానీ, ఒక్కనాడు గూడ ఇట్లయితున్నది అనలే. పని చేస్తున్నయి అనుకున్న."

"సూది గుచ్చింది నీకు గద? మిషన్‌ల పండవెట్టింది నిన్ను గద? అప్పుడన్న చెప్పొద్దా?"

"ఆ మిషన్ దడదడ మొత్తుకుంటుంటె అప్పుడు తెలివికొచ్చింది. మాటలైతె ఆయనవి తెచ్చిన, తలకాయ నాదే తెచ్చిన గద అని. లేద్దామంటె కదలొద్దన్నరు."

"బయటికొచ్చినంక?"

"బయటికొచ్చినంక ఏ మొఖంతోని చెప్పాలె? నువ్వు ఆఫీసుకు సెలవు వెట్టి నా చెయ్యి పట్టుకొని తిరుగుతున్నవ్. దేవునికి మొక్కిన. నా తలకాయలనన్న ఏదన్న కనవడనియ్యి తండ్రీ, కనవడ్తె సక్కని మందిస్తరు, ఆయనకు పోస్తనని."

"అమ్మా..."

"ఏం లేదంటున్నవ్ నువ్వు. నాకేం లేదని నాకు తెల్వదా? ఆయనకేముందో చెప్పు!"

"ఏడవకు. రేపే నాయినను తీస్కపోదాం. మేడంకు అంత నేను చెప్త."

"రాడు. నేను ఇన్ని నెలలు అబద్ధమాడిన్నని తెలిస్తె నా మొఖం చూడడు. నా మీద ఒట్టు, ఆయనకు చెప్పకు హారికా... అగో. మెట్లెక్కుతున్నడు. కాలు ఈడుస్తున్నడు, వినవడ్తున్నదా?"

"వినవడ్తున్నది."

"రోజూ గట్లనే వినవడ్తది నాకు."

"కండ్లు తుడ్సుకో. వచ్చిండు."

"ఏందే, తల్లీబిడ్డలు గడపకు అడ్డం కూసున్నరు? నాకాల ఇయ్యాల గూడ ఎవ్వడు పిల్వలే. ఆ ముచ్చట ఇడ్సిపెట్టు. హారికా, మీ అమ్మ రిపోర్ట్ వచ్చిందా?"

"వచ్చింది. ముందు కూసో నాయినా."

"కూసుంటె మళ్ల లేవనీకి... ఏం లేదు, నిలవడ్తె మంచిగుంటది. చెప్పు బిడ్డా. ఏముంది మీ అమ్మకు?"

"ఏం లేదు నాయినా."

"ఏం లేదా? తలకాయల?"

"ఏం లేదు."

"రక్తంల?"

"ఏం లేదు. అంత మంచిగున్నది."

"ఏది, పేపర్ చూపియ్యి."

"నీకు చదవనీకొస్తదా?"

"రాకున్నా చూపియ్యి! నా పెండ్లాం పేపర్ నేను చూడొద్దా? ఏ నర్సీ, ఇన్నవా? ఏం లేదంట! ఎందుకేడుస్తున్నవే పిచ్చిదానా, నవ్వు!"

"నవ్వుతున్న."

"ఇదా నవ్వుడు? బిడ్డా, చూడు మీ అమ్మ నవ్వు!"

"నాయినా, పేపర్ ఊగుతున్నది. నీ చెయ్యి..."

"ఊగుతది. చూడు, మంచిగ చూడు, ఇగ దాసను. మీ అమ్మ ఒకసారి అడిగితె ఏం లేదన్న. మర్నాడు నాకాల మళ్ల తాపీ జారి కింద పడ్తె బుగులైంది. పొద్దూకి చెప్దామనే ఇంటికొచ్చిన. వస్తె ఏముంది, మీ అమ్మ దవాఖాన చీటీ పట్టుకొని కూసున్నది. ఇద్దరం ఒక్కపారి పడ్తె నువ్వొక్కదానివి ఎట్ల చూస్కుంటవని, ఆమెది తేలేదాంక నాది నోట్లనే పెట్టుకున్న. ఇగ ఆమెకేం లేదు గద. రేపు నన్ను తీస్కపో బిడ్డా."